చేదాకు: కడగని కల్వం

పోయిన వారం మిమ్మల్ని మా వదిన గుమ్మం ముందు నిలబెట్టి వెళ్ళిపోయాను. కావాలని ఊరించడానికి కాదు. ఆ తలుపు కొట్టడానికి నాకే చేతులాడక అక్కడ ఆగిపోయాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మా అన్నయ్య మొక్కల్లోంచి మందు తీసే పని చేసేవాడు. ఆకుని నీడలో ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్ అనే, ఇట్టే అంటుకునే స్పిరిట్‌లో నానేసి, ఆ మిథనాల్ అంతా ఆవిరయ్యాక అడుగున జిగురుగా మిగిలే సారాన్ని సీసాలోకి తీయడం. ఆ సారం సూక్ష్మక్రిముల్ని చంపుతుందా, మన ఒంటికి లోపల్లోపల తుప్పు పట్టకుండా అడ్డుపడుతుందా అని పరీక్షించడం. నేను ఆయన చెల్లెల్ని, ల్యాబులో ఆయన చేతి కింద మనిషిని. నా నోటి దురుసు చూసి అన్నయ్య నాకు అగ్గిపుల్ల అని పేరు పెట్టాడు. "మిథనాల్ ఉన్న గదిలోకి అగ్గిపుల్లని ఎవర్రా రానిచ్చింది?" అనేవాడు నేను ల్యాబులో అడుగు పెట్టగానే. రోజూ అదే జోకు, రోజూ తనే నవ్వుకునేవాడు.

మా ఇంటి వెనక గోడని ఆనుకుని ఒక పొద ఉంది. నోట్లో పెడితే నాలిక మెలిపడిపోయేంత చేదు కాబట్టి మేం దాన్ని చేదాకు అనేవాళ్ళం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతంటే అన్నయ్యకి ఒళ్ళు మంట. దాన్ని అబద్ధం చేసి చూపిస్తానని పంతం పట్టాడు. పంతం తీరేలోపల జబ్బు పడ్డాడు. ల్యాబుకి రాలేక ఇంట్లోనే తన రాతి కల్వంలో ఆకు నూరి పొడి నాకు ఇచ్చేవాడు, నేను సారం తీసేదాన్ని. ఆ చివరి సారంలో ముంచిన కాయితం బిళ్ళని క్రిములు పాకిన ప్లేటు మీద పెడితే, దాని చుట్టూ క్రిమి అన్నది లేకుండా ఇంత వెడల్పున శుభ్రమైన చుట్టు వచ్చింది. ప్లేటు ఇంటికి తెచ్చి చూపిస్తే అన్నయ్య కళ్ళారా చూసి, ఆ వారంలోనే పోయాడు.

ఆ తర్వాత అదే పొద, అదే ఆకు, అదే నేను. ఎన్నిసార్లు చేసినా చుట్టు రాలేదు. చివరికి అన్నయ్య సీసాలోది ఒక చుక్క, నా సీసాలోది ఒక చుక్క పక్కపక్కనే, సారంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే పలుచటి పూత ప్లేటు మీద పాకించి, అతినీలలోహిత ల్యాంపు కింద పెట్టాను. అన్నయ్య వరసలో ఒక నీలం చుక్క మెరిసింది. నా వరసలో లేదు. అనుమానమొచ్చి మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్ మాత్రల్ని తెచ్చి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూస్తే, ఒకదానితో, అన్నయ్య జబ్బుకి డాక్టరు రాసిన మాత్రతోనే, అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆకు సారంలో మాత్ర. ఆ పొడి మీద చెయ్యి పడింది ఇద్దరిదే, అన్నయ్యదీ నాదీ. నేను కలపలేదు.

నేనా గుమ్మం ముందు నిలబడింది ఆదివారం. మర్నాడు సోమవారం సభ. పెద్దసారు, అంటే మా సంస్థ అధిపతి, ల్యాబుకి అన్నయ్య పేరు పెట్టి, చేదాకు సంగతి లోకానికి చెప్పబోతున్నారు. మాట్లాడాల్సింది నేను. ఇదీ కథ. ఇక తలుపు కొడతాను.

వదిన తలుపు తీసింది. మోకాలి దాకా మడిచిన పాత కాటన్ ప్యాంటు, చేతిలో ఎర్ర పెన్ను. వదిన లెక్కల టీచరు. ఆదివారాలన్నీ జవాబు కాయితాలతోనే గడుపుతుంది. కింది వాటాలో తను, పై వాటాలో నేను. అన్నయ్య పోయాక మా మధ్య మాటలు మెట్ల దగ్గరి "తిన్నావా", "తిన్నా"ల దగ్గర ఆగిపోయాయి. కింద తను కుళాయి తిప్పితే పైన నా గోడలో గొట్టం మూలుగుతుంది. నేను తిప్పితే కింద తన గోడలో మూలుగుతుంది. పొద్దున్నే ఆ మూలుగు విని, ఓహో లేచింది అనుకుంటాను. తనూ అలాగే అనుకుంటుందేమో. ఇద్దరం బతికే ఉన్నామని ఒకరికొకరం చెప్పుకోవడం అంతవరకే.

"ఏంటి అగ్గిపుల్లా, గుమ్మంలోనే నిలబడ్డావు?" అంది.

ఆ పేరు విని చాలా కాలమైంది. ఇంకెవరూ పిలవరు. వచ్చిన పని అలాంటిది కాకపోతే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని.

లోపలికెళ్ళి కూర్చున్నాను. బల్ల మీద కాయితాల దొంతర, దాని పక్కన చల్లారిపోయిన టీ. రెండో కుర్చీ మీద బట్టల మూట పెట్టి ఉంది. ఎవరూ కూర్చోని కుర్చీ ఖాళీగా కనపడకుండా నేనూ మా ఇంట్లో అలాగే చేస్తాను. మూట తీసి కింద పెట్టి, చుట్టూ తిప్పకుండా సంగతి చెప్పేశాను. నీలం చుక్క, మాత్ర, అన్నీ.

వదిన అంతా విని పెన్నుకి మూత పెట్టింది.

"అయితే మీ అన్నయ్య మోసం చేశారంటావా?"

"నేననడం లేదు వదినా. ప్లేటు అంటోంది."

"ప్లేటుకేం తెలుసు మీ అన్నయ్య సంగతి?"

"ఏమీ తెలియదు. అందుకే దాని మాటకి భయమేస్తోంది. మనకైతే ఆయన మీద ప్రేమ ఉంది, ఎటు కావాలంటే అటు సర్దుకుంటాం. దానికి అదేం లేదుగా!"

వదిన కాయితాల దొంతర సర్దడం మొదలుపెట్టింది. నా పేరులోని అగ్గి కాస్త రాజుకుంది.

"పోనీ నువ్వు చెప్పు. ఆయన మాత్రలు ఎక్కడుండేవి? ఆకు నూరే బల్ల మీదేనా? పొరపాటున ఏదైనా పొడి అందులో పడిందా?"

"పడటానికి మాత్రలెక్కడివి? ఆయన మానేశారు కదా. నీ ఎదుటే కదా చెప్పారు."

చెప్పాడు. నేను మరిచిపోలేదు. ఇదే బల్ల దగ్గర కూర్చుని, మాత్రల డబ్బాని మోచేత్తో పక్కకి నెట్టి, "చాలు. నా ఒళ్ళు, నా ఇష్టం. ఇంక ఒక్క మాత్ర మింగను. నన్ను బతిమాలకండి" అన్నాడు. మందులతో విసిగిపోయాడు. ఏది మింగినా గొంతు దిగేది కాదు. ఆయన పట్టు తెలిసినవాళ్ళం కనుక ఇద్దరం తలూపాం. ఆ మర్నాటి నుంచీ పొద్దునా సాయంత్రం చేదాకు కషాయం మాత్రం తాగాడు. చిత్రంగా కొన్నాళ్ళకి జ్వరం దిగింది. గోడ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. పొద దగ్గర నిలబడి, "చూశావటే, పెరటి చెట్టు!" అని పకపకా నవ్వాడు. సామెత మీద గెలిచిన మనిషి నవ్వు అది. కొన్నాళ్ళే అనుకోండి. మళ్ళీ పడ్డాడు, ఇక లేవలేదు. కానీ ఆ కొన్నాళ్ళూ రాజులా ఉన్నాడు.

నేను కూర్చున్నచోటే ఆలోచించాను.

"మాత్రలు మానేసిన మనిషి ఇంట్లోకి మాత్ర ఎలా వచ్చింది వదినా?"

వదిన లేచి వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. పైన నా ఖాళీ ఇంట్లో గొట్టం మూలిగే ఉంటుంది, వినడానికి ఎవరూ లేరు. గ్లాసు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కట్టలేదు. నేనే వెళ్ళి కట్టాను.

"ఆయన మానేశారు," అంది నా వైపు తిరక్కుండా. "నేను మానలేదు."

నేను నిండిన గ్లాసు తీసి గట్టు మీద పెట్టాను.

"కషాయంలో కలిపేదాన్ని. చేదులో చేదు కలిస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు ఆయనకి."

"మాత్ర పొడి చేసింది ఎందులో…"

"ఆయన కల్వంలోనే. మిక్సీ వేస్తే చప్పుడు వినపడుతుంది, ఏం చేస్తున్నావని అడుగుతారు. ఆ కల్వం చప్పుడు ఆయనకి అలవాటే. కషాయానికి ఆకు నూరుతున్నాననుకునేవారు. ఆకూ నూరేదాన్ని, అందులోనే మాత్రా నూరేదాన్ని. తర్వాత గుడ్డతో తుడిచి బల్ల మీద ఎక్కడిదక్కడ పెట్టేదాన్ని. మళ్ళీ పగలు మీ అన్నయ్య మీ ల్యాబుకని అందులోనే ఆకు నూరేవారు."

నోటికి పోయే గిన్నె వేరు, పరీక్షకి పోయే గిన్నె వేరు. అది అన్నయ్య పెట్టిన రూలే. ల్యాబు గ్లాసులో ఎవరైనా మంచినీళ్ళు తాగితే ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇంట్లో మాత్రం, అదే ఆకు కదా, కషాయానికీ నూరుకో అని తనే వదినకి ఇచ్చాడట. అదే ఆకు కాబట్టి ఫరవాలేదనుకున్నాడు. రాతి కల్వం గుడ్డతో తుడిస్తే పోయే రకం కాదు. దాని గరుకులో దాగిన చిటికెడు చాలు, ప్లేటు మీద క్రిముల్ని తుడిచిపెట్టడానికి. ఒంట్లో జ్వరం దించిందీ, ప్లేటు మీద చుట్టు గీసిందీ ఒక్కటే. ఆ రెండూ చూసి అన్నయ్య ఆకుని నమ్మాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

"నువ్వు ఆయన్ని మోసం చేశావు!" అన్నాను. అరిచాననే చెప్పాలి.

"చేశాను."

"వద్దన్నాడు కదా వదినా! ఒక్కటే కదా అడిగాడు మనల్ని!"

వదిన ఇప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు, దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"ఆయన కోరిక ఆయన పోవడం. నా కోరిక నేనొక్కదాన్నే మిగలకూడదని. ఎవరి కోరిక నెగ్గిందో కనపడుతూనే ఉందిగా."

నేను ఇల్లంతా చూశాను. ఒక మనిషి ఉండే ఇంట్లో వస్తువులన్నీ ఒక పక్కకే అరుగుతాయి. సోఫాలో ఒకవైపే గుంట. గుమ్మం దగ్గర చెప్పులు ఒక జత. నా ఇల్లూ ఇంతే, కాకపోతే నాది మొదట్నుంచీ ఇంతే కాబట్టి నాకు కనపడదు. తనది ఒకప్పుడు ఇలా లేదు. నా కోపం ఎటు పోయిందో నాకు తెలియదు, తన పక్కన గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

"చెప్పాల్సింది కదా," అన్నాను. "కనీసం ఆ చుట్టు చూసి ఆయన పొంగిపోయిన రోజైనా."

"నవ్వారే! ఎన్నాళ్ళకి నవ్వారు! ఆ నవ్వు చూశాక నా నోరు పెగల్లేదు. నువ్వైతే చెప్పేదానివా?"

నేనైతే చెప్పేదాన్ని కాదు. అందుకే మాట మార్చాను.

"రేపు సభలో ఏం చెప్పమంటావు?"

"ఆకు పనిచేయలేదని చెప్పెయ్."

"అప్పుడు వచ్చిన చుట్టు ఎక్కడిదని అడగరూ?"

"తెలియదను."

"తెలియదంటే ఊరుకుంటారా? అన్నయ్య మాత్ర కలిపి పేరు కోసం దొంగాట ఆడాడంటారు. పోయినవాడు వచ్చి కాదని చెప్పలేడు."

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆకు గురించి ఏమైనా చెప్పుకో. ఆయన వద్దన్న మందు కళ్ళు గప్పి తాగించానని మాత్రం ఎవరికీ చెప్పకు. చచ్చి నీ కడుపున పుడతాను. మొగుడి మాట మీద చివర్లో మన్ను పోసిందని నన్ను వేలెత్తి చూపిస్తారు. అది భరిస్తాను. కానీ ఆయన తన ఇష్టప్రకారం పోయారని అందరూ అనుకుంటున్నారు చూడు, ఆ గౌరవం పోతుంది. అది భరించలేను."

చెప్పనని మాటిచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను? ఇచ్చిన వెంటనే అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒక వైపు అన్నయ్య నిజాయితీ, ఒక వైపు వదిన గుట్టు. ఏది కాపాడినా రెండోది తెగుతుంది.

"ఒక్కసారి ఆ కల్వం ఇవ్వు," అన్నాను. "కనీసం నాకైనా ఖాయంగా తెలియాలి. కడిగిన నీళ్ళని పరీక్షిస్తే తేలిపోతుంది."

వదిన బీరువా తీసింది. అన్నయ్య తువ్వాలులో చుట్టి ఉంది. విప్పితే, దోసిలిలో పట్టేంత నల్లరాతి కల్వం, అడుగున ఎండిపోయిన పచ్చటి పొర. అంచు మీద ఒకచోట ఆ పచ్చతోనే బొటనవేలి ముద్ర.

"నేను కడగలేదు," అంది. "అడుగునున్నది ఆయన చివర నూరిన ఆకు."

నేను చెయ్యి చాపలేదు. చాపలేకపోయాను. మిథనాల్ పోసి కడిగితే అదంతా కరిగి వచ్చేస్తుంది, నాకు కావలసింది అదే. వదిన కల్వాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. మనిషి ఆనవాలుగా మిగిలింది ఆకు మడ్డే అయినప్పుడు, దాన్ని కడిగి ఇమ్మని రెండోసారి అడగడానికి నాకు నోరు రాలేదు.

చాలాసేపటికి వదిన ఒక కాయితం ముందుకి లాక్కుంది. చూసి, ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా చుట్టింది.

"ఈ పిల్ల జవాబు కరెక్టే," అంది. "ఎలా వచ్చిందో మెట్లు రాయలేదు. పక్కదాన్లో చూసి రాసిందో, నిజంగా చేసిందో నాకెలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ళుగా ఇదే చెప్తున్నా పిల్లలకి."

సున్నా వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

"పద. కానీ నేనే కడుగుతాను."

ఆదివారం కాబట్టి ల్యాబులో నరమానవుడు లేడు. వదిన అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ బయట గేటు దగ్గరే నిలబడి అన్నయ్యకి క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోయేది. గోడకి కోట్లు వేలాడుతున్నాయి. చివరి కొక్కేనికి ఉన్నది ఎవరిదో నేను చెప్పనక్కర్లేకపోయింది. దాని జేబు అంచు సరిచేసి వచ్చింది.

నేను మిథనాల్ సీసా మూత తీసి ఇచ్చాను. వదిన కల్వంలోకి కొద్దిగా వొంపి, రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఎండిన పొర మెత్తబడి, ద్రవం పచ్చబడింది. చిన్న సీసాలోకి పోసేటప్పుడు ఒక్క చుక్క బయట పడనివ్వలేదు.

"చాలు," అన్నాను. "అంచు ముట్టుకోకు. అది నాకక్కర్లేదు."

వేలిముద్ర అలాగే ఉండిపోయింది. వదిన కల్వాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టింది.

ప్లేటు మీద క్రిముల్ని పూసి, కాయితం బిళ్ళలు వరసగా పెట్టాను. ఒకటి ఉత్త మిథనాల్‌ది, దాని వల్ల ఏమీ జరగకూడదు. ఒకటి నా శుభ్రమైన ఆకు సారానిది. ఒకటి మాత్రది. ఒకటి కల్వం కడిగిన నీళ్ళది. ఇంకా కాస్త చోటు మిగిలింది. అన్నయ్య చుట్టు గురించి నా బుర్రలో ఒక ముల్లు ఉంది. అంత పిసరు మాత్ర అంత పెద్ద చుట్టు ఎలా గీసింది? ఎందుకైనా మంచిదని, అంతే మాత్ర, దానికి తోడు నా ఆకు సారం, రెండూ కలిపి ఇంకో బిళ్ళ పెట్టాను. ప్లేటుని వెచ్చటి పెట్టెలో పెట్టి మూశాను.

"ఇంక తెల్లారేదాకా చూడ్డానికేం లేదు," అన్నాను.

వదిన కదల్లేదు. "ఆయన ఇంకో పరీక్ష గురించి చెప్పేవారు. ఏదో రంగు పోతుందని."

ఊదారంగు ద్రవం చిన్న గాజు గొట్టంలోకి తీసుకుని, నా సారం చుక్క వేశాను. ఒంటికి తుప్పు పట్టించే రకం రసాయనం అది. దాని పొగరు అణచగలిగినది ఏదైనా కలిస్తే రంగు వెలిసిపోతుంది. వదిన చూస్తుండగానే ఊదా పలచబడి, పలచబడి, లేత పసుపయ్యింది.

"ఇది నిజమేనా?"

"నిజమే. ఇందులో మాత్ర ప్రమేయం లేదు. ఇది నేను కోసి, ల్యాబులో పొడి చేసిన ఆకు. ఎన్నిసార్లు చేసినా పసుపే."

"అయితే ఆయన చెప్పిందాంట్లో సగం కరెక్టు."

"సగానికి మార్కులిస్తావా?"

"ఆయనకైతే ఇచ్చేదాన్ని," అంది. ఆ మధ్య కాలంలో మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే. ఇంటికొచ్చాక తను కిందా నేను పైనా. కాసేపటికి గొట్టం మూలిగింది. నేను కూడా ఊరికే ఒకసారి కుళాయి తిప్పి కట్టేశాను.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి పెట్టె తెరిచాను. మిథనాల్ బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. నా ఆకు బిళ్ళ చుట్టూ ఏమీ లేదు, ఎప్పటిలాగే క్రిములు దాని ఒంటిని రాసుకుని పెరిగాయి. మాత్రకి చుట్టు. కల్వం కడిగిన నీళ్ళకి చుట్టు. అంటే వదిన చెప్పింది అక్షరాలా నిజం. ఇక చూడాల్సింది చివరి బిళ్ళ.

దాన్ని వెలుగుకి పట్టుకుని చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. స్కేలు పెట్టి కొలిచాను. అంతే మాత్ర, అయినా మాత్ర ఒక్కటే ఉన్నదాని కంటే చాలా పెద్ద చుట్టు. ఆకు తనంతట తాను ఒక్క క్రిమిని చంపలేదు. కానీ మాత్ర పక్కన నిలబడితే దాని బలం పెంచింది. ఒక్క ప్లేటు చూసి ఎగరకూడదు, మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, లేకపోతే అన్నయ్య పైనుంచే తిడతాడు. అది నాకు తెలుసు. తెలిసినా మనసు ఆగలేదు. ఒక్కదాన్నే ఆ గదిలో, చెప్పుకోవడానికి మనిషి లేక, కొక్కేనికున్న కోటు వైపు తిరిగి "చూశావా" అనేశాను.

సభ జరిగే హాలు బయట వదిన నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన చీర, భుజానికి బరువైన చేతిసంచీ. ప్లేటు చూపించి ఏది ఏదో చెప్పాను.

"మరి ఈ పెద్దది?"

"రెండూ కలిపింది. ఆయన ఆకు, నీ మాత్ర."

వదిన ఆ చుట్టు మీద గాజు పైనుంచే వేలితో ఒకసారి గీసింది.

"ఆయనకి చూపించాల్సింది," అంది. నిన్నటి మాట వెనక్కి తీసుకోమంటుందేమోనని ఆశగా చూశాను. తీసుకోలేదు. వెళ్ళి వెనక వరసల్లో కూర్చుంది.

పెద్దసారు మంచి మాటకారి. అన్నయ్య గురించి ఆయన చెప్తుంటే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "చావు గుమ్మంలో నిలబడి కూడా మనకొక మందు ఇచ్చి వెళ్ళిన మనిషి" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యే నన్ను పిలిచారు. ప్లేటు చేత్తో పట్టుకుని మెట్లెక్కాను.

"మా అన్నయ్య చేదాకు…" ప్లేటు పైకెత్తి చూపించాను. "ఆ ఆకు ఒక్కటే క్రిముల్ని చంపదు. అప్పుడు వచ్చిన చుట్టు ఆకుది కాదు. ఆ సారంలో ఒక యాంటీబయాటిక్ మాత్ర కలిసింది."

హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరసలో ఎవరో "ఛ, ఇంతా చేసి ఇదా!" అనడం నాకు స్పష్టంగా వినపడింది. అన్నయ్య ఫొటో నా పక్కనే ఉంది. దాని వైపు చూడలేదు.

పెద్దసారు మొహంలో నవ్వు ఇంకా ఆరలేదు గానీ, కళ్ళలోంచి వెళ్ళిపోయింది. "ఏమ్మా, ఏమంటున్నావు? ఆ ఆకుని ఆయనే నూరి ఇచ్చాడని నువ్వే చెప్పావు. ఆయన చేతిలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాలేదన్నావు. మరి మాత్ర ఎవరు కలిపారు? ఆయనేనా?"

"కాదు సార్. ఆయన కాదు."

"మరి?"

చెప్పనని మాటిచ్చాను. నాలిక చివరి దాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య ఆపుకున్నాను. హాలంతా నా వైపే చూస్తోంది. నేను మాట్లాడని ప్రతి క్షణం అన్నయ్య మీద ఒక బురద చుక్క పడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. పెద్దసారు నిట్టూర్చి, "పోయినవాళ్ళ గురించి ఇంక తవ్వొద్దులే అమ్మా, కిందికి దిగు" అన్నారు. ఆ జాలి నాకు చెంపదెబ్బలా తగిలింది.

వెనక కుర్చీ చప్పుడైంది.

వదిన నడవలోంచి వస్తోంది. క్లాసులోకి నడిచి వచ్చినట్టే, తొందర లేకుండా. మెట్లెక్కి, చేతిసంచీలోంచి తువ్వాలు మూట తీసి, పెద్దసారు ముందున్న బల్ల మీద విప్పింది. నల్లటి కల్వం, అంచు మీద పచ్చటి వేలిముద్ర.

"జవాబు ఒక్కటే చాలదు సార్, ఎలా వచ్చిందో కూడా చెప్పాలి," అంది. "మీరడిగిన మాత్ర ఇందులోంచి వచ్చింది. నూరింది నేను."